డబ్ల్యూ అండ్ ఓడీ బాట: పాత రైలుకట్ట చరిత్రను భద్రపరచడం ఎలా?

ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్, స్టెర్లింగ్, హెర్న్‌డన్, వియన్నా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్) ట్రెయిల్ మీద నడుస్తుంటారు, పిల్లలకు సైకిలు నేర్పుతుంటారు. షర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ వరకు 45 మైళ్ళు సాగే ఈ తారుబాట ఒకప్పటి రైలుమార్గం. 1859లో అలెగ్జాండ్రియా నుంచి వియన్నా దాకా, 1860లో లీస్‌బర్గ్ దాకా రైళ్ళు నడిచాయి. 1900 నాటికి పట్టాలు బ్లూ రిడ్జ్ కొండల అంచున ఉన్న బ్లూమాంట్ చేరాయి. 1912లో ఈ మార్గాన్ని లీజుకు తీసుకున్న వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ సంస్థ దీనిని విద్యుదీకరించి, రాజధానికి శివారు ఊళ్ళను కలిపే కరెంటు రైళ్ళను నడిపింది. ప్రయాణికుల రైళ్ళు 1951లోనూ, గూడ్సు బండ్లు 1968 ఆగస్టులోనూ ఆగిపోయాయి. 1974లో ఫాల్స్ చర్చ్ దగ్గర కొద్ది దూరం బాటగా తెరుచుకుంది. 1988 నాటికి అది పర్సెల్‌విల్ వరకు పూర్తయింది.

ఈ స్థూల చరిత్ర పోయే ప్రమాదం లేదు. బాట పక్కన పలకల మీద, స్టేషన్లలోని ప్రదర్శనలలో అది భద్రంగానే ఉంది. పోతున్నది అంతకంటే చిన్నది: ఏ తూము ఎవరి పొలం నీరు పోవడానికి కట్టారు, స్టేషనులో ఎవరు ఏ తలుపు గుండా లోపలికి వెళ్ళేవారు, పాల క్యాన్లను ఏ అరుగు మీద దించేవారు, పట్టాలు తీసేసిన తరువాత పక్క ఇళ్ళవారు ఆ స్థలాన్ని ఎలా వాడుకున్నారు వంటి వివరాలు. వీటిని కాపాడటానికి చరిత్ర పట్టా అవసరం లేదు. ఓపిక, పద్ధతి ఉంటే చాలు. ఆ పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఇది ఈ బాట కోసం రాసినదే అయినా, మూతబడిన ఏ రైలుమార్గానికైనా చాలావరకు పనికివస్తుంది.

1. ఒక్క మైలును ఎంచుకోండి

మొత్తం 45 మైళ్ళ చరిత్ర రాయాలని మొదలుపెట్టినవారికి చివరికి అందరికీ తెలిసిన నాలుగు సంగతులే మిగులుతాయి. మీ ఇంటికి దగ్గరగా, ఏడాది పొడవునా మళ్ళీ మళ్ళీ వెళ్ళగలిగే ఒక్క మైలును తీసుకోండి. బాట పక్కన షర్లింగ్టన్ నుంచి లెక్కించిన మైలు గుర్తులు ఉంటాయి కాబట్టి హద్దులు నిర్ణయించుకోవడం సులభం. ఆష్‌బర్న్ ఊరు 27, 28 మైళ్ళ మధ్య వస్తుంది. హెర్న్‌డన్ స్టేషను 20వ మైలు దగ్గర ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ గుర్తులు బాటవి, రైల్వేవి కావు. పాత రైలుమార్గం అలెగ్జాండ్రియాలో మొదలైంది. కాబట్టి పాత కాగితాలలో కనిపించే మైలు సంఖ్య నేటి మైలు సంఖ్యతో సరిపోలదు. మీ నోట్సులో ఎక్కడ మైలు సంఖ్య రాసినా అది బాట మైలా, రైల్వే మైలా అన్నది వెంటనే పక్కన రాయండి. దానితోపాటు అక్షాంశ రేఖాంశాలు కూడా రాసి ఉంచితే, యాభై ఏళ్ళ తరువాత గుర్తుల రాళ్ళు మారిపోయినా మీరు చెప్పిన చోటు దొరుకుతుంది.

2. మారిన పేర్ల పట్టిక తయారు చేసుకోండి

పాత పత్రాలు వెతకడానికి ముందే ఈ పని పూర్తి చేయాలి, ఎందుకంటే సగం పత్రాలు పేరు తెలియకపోవడం వల్లనే దొరకవు. ఈ రైల్వే 1847లో అలెగ్జాండ్రియా అండ్ హార్పర్స్ ఫెర్రీ అనే పేరుతో అనుమతి పొందింది. 1853లో అలెగ్జాండ్రియా, లౌడన్ అండ్ హాంప్‌షైర్ అయింది. 1870లో వాషింగ్టన్ అండ్ ఒహాయో అయింది. ఆ తరువాత మరికొన్ని చేతులు మారి 1894లో సదరన్ రైల్వేలో కలిసింది. 1912లో లీజు కింద వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ చేతికి వచ్చింది. లీజు అన్న మాటను గుర్తుంచుకోండి. బండ్లు నడిపినది ఒక సంస్థ, భూమి మరొక సంస్థది కాబట్టి, ఆ కాలపు భూమి పత్రాలు సదరన్ పేరు మీద కూడా వెతకాలి.

ఊళ్ళ పేర్లదీ ఇదే సంగతి. ఆష్‌బర్న్ 1896 వరకు ఫార్మ్‌వెల్. ఇప్పుడు మన పిల్లలు ఎందరో చదువుతున్న ఫార్మ్‌వెల్ స్టేషన్ మిడిల్ స్కూలు పేరులో ఆ పాత స్టేషను ఇంకా పలుకుతూనే ఉంది. బ్లూమాంట్‌కు 1900 వరకు స్నికర్స్‌విల్ అని పేరు. నేటి ఆర్లింగ్టన్ కౌంటీని 1920 వరకు అలెగ్జాండ్రియా కౌంటీ అనేవారు. ఇది తెలియక అలెగ్జాండ్రియా అన్న ప్రతి చోటా అలెగ్జాండ్రియా నగరమే అనుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

కొన్ని శాఖలు బాటలుగా కాక రోడ్లుగా మిగిలాయి. 1906లో గ్రేట్ ఫాల్స్ జలపాతానికి విహారయాత్రికుల కోసం వేసిన శాఖ 1934లో మూతబడింది, దాని కట్ట మీదనే నేటి ఓల్డ్ డొమీనియన్ డ్రైవ్ సాగుతోంది. మీరు ఎంచుకున్న మైలు దగ్గర ఏదైనా రోడ్డు అకారణంగా తిన్నగా, ఎత్తుపల్లాలు లేకుండా పోతుంటే పాత పటంలో తప్పక సరిచూడండి.

3. నేలను చదవండి

ఈ పనికి డిసెంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. ఆకులు రాలి ఉంటాయి కాబట్టి వేసవిలో పచ్చదనం వెనుక దాగిన తూములు, రాతి గోడలు కనిపిస్తాయి. వేసవిలో వెళ్ళక తప్పకపోతే నిండు ప్యాంటు వేసుకోండి, ఇంటికి వచ్చాక ఒంటి మీద టిక్ పురుగులు పట్టాయేమో చూసుకోండి.

రైలు నిటారుగా ఎక్కలేదు, చటుక్కున తిరగలేదు. అందువల్ల పల్లం వచ్చిన చోట మట్టి పోసి కట్ట వేశారు, మెరక వచ్చిన చోట కోసి దారి చేశారు. మీ మైలులో కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, కోత ఎంత లోతుందో ముందు గుర్తించండి. లీస్‌బర్గ్ దాటి పశ్చిమానికి వెళితే క్లార్క్స్ గ్యాప్ దగ్గర లోతైన కోత, దాని మీద పాత రాతి కమాను వంతెన కనిపిస్తాయి. రైల్వే ఇంజనీరు కొండను ఎలా దాటించాడో కంటితో చూసి తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు ఈ బాట మీద లేదు.

తూమును నమోదు చేసే విధానాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎవరూ పట్టించుకోనిది అదే. బాట మీద నిలబడితే తూము కనబడదు. కట్ట పక్కకు వెళ్ళి చూడాలి. రెండు మూతులనూ విడివిడిగా ఫొటో తీయండి. చాలాసార్లు ఒక వైపు పాత రాతికట్టు, మరొక వైపు తరువాత పొడిగించిన సిమెంటు గొట్టం ఉంటుంది, ఒక్క వైపే చూస్తే దాని వయసును తప్పుగా అంచనా వేస్తాం. ఫొటోలో అడుగులు, అంగుళాలు గుర్తించిన కొలబద్దను నిలబెట్టండి. రాళ్ళను చెక్కారా, దొరికినవి దొరికినట్టే పేర్చారా, మధ్యలో సున్నం ఉందా, ఉలి గాట్లు కనిపిస్తున్నాయా అన్నది మాటల్లో రాయండి, ఎందుకంటే నీడలో ఇవి ఫొటోకు అందవు. మీరు ఏ దిక్కుకు ముఖం పెట్టి ఫొటో తీశారో, నీరు ఎటు నుంచి ఎటు పోతోందో కూడా రాయండి. అనుమానం ఉన్నచోట కాలం రాయవద్దు. 'రాతి తూము, మూతి వెడల్పు మూడడుగులు, దక్షిణపు చివర సిమెంటు పొడిగింపు' అని రాస్తే నిపుణుడు తరువాత కాలం నిర్ణయిస్తాడు.

బాట వెంట సాగే కరెంటు తీగలను చూసి అవి కరెంటు రైళ్ళ నాటివని అనుకోకండి. రైలు మూతబడిన తరువాత మార్గంలో అధిక భాగాన్ని విద్యుత్ సంస్థ కొన్నది. ఆర్లింగ్టన్‌లో కొంత భాగం ఐ-66 రహదారి కోసం రాష్ట్ర రహదారుల శాఖకు వెళ్ళింది. తరువాతి కాలంలో ప్రాంతీయ పార్క్ అథారిటీ, అంటే నేటి నోవా పార్క్స్, విద్యుత్ సంస్థ నుంచి ఈ భూమిని విడతలవారీగా కొని దాదాపు వంద అడుగుల వెడల్పు గల పార్కుగా మార్చింది. కాబట్టి మీరు నిలబడిన చోటు పార్కు స్థలం. ఏదీ తవ్వకండి, లోహాన్ని పసిగట్టే యంత్రాలు తీసుకెళ్ళకండి, పాత మేకు కనబడినా జేబులో వేసుకోకండి. ఉన్న చోటనే ఫొటో తీసి పార్కు సిబ్బందికి తెలియజేయండి. కట్టలో నుంచి తీసేసిన మేకు ఒక ఇనుప ముక్క మాత్రమే. ఉన్నచోట ఉన్న మేకు పట్టాలు ఎక్కడ పరిచారో చెప్పే సాక్ష్యం.

4. దస్తావేజుల దగ్గరకు వెళ్ళండి

మన ఊళ్ళో స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు వెనక్కు వెనక్కు చూసినట్టే, కట్ట కింద ఉన్న భూమిని రైల్వేకు ఎవరు ఇచ్చారో కౌంటీ కోర్టులోని దస్తావేజుల పుస్తకాలలో వెతకాలి. అమ్మినవారి పేర్లకూ కొన్నవారి పేర్లకూ వేర్వేరు సూచికలు ఉంటాయి. కొన్నవారి సూచికలో మీ పట్టికలోని రైల్వే పేర్లన్నీ ఒక్కొక్కటిగా చూడండి. దస్తావేజులో ధర ఒక్కటే ఉండదు. రైతు పశువులు కట్ట దాటడానికి దారి వదలాలనో, కంచె రైల్వే వేయాలనో షరతులు ఉండవచ్చు. మీ మైలులో నేడు అర్థం కాకుండా ఉన్న ఒక చిన్న వంతెన ఎందుకు కట్టారో అలాంటి షరతు చెబుతుంది.

లౌడన్ కౌంటీ ఈ విషయంలో అదృష్టం గలది. అంతర్యుద్ధ కాలంలో కోర్టు క్లర్కు జార్జ్ ఫాక్స్ రికార్డులను బండ్ల మీద దక్షిణాన క్యాంప్‌బెల్ కౌంటీకి తరలించి, యుద్ధం ముగిశాక తిరిగి తెచ్చారు. అందుకే ఆ పుస్తకాలు నేటికీ ఉన్నాయి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కొన్ని దస్తావేజు పుస్తకాలను ఆ యుద్ధంలో పోగొట్టుకుంది. మీ మైలు ఫెయిర్‌ఫాక్స్‌లో ఉంటే, దొరకని పత్రం గురించి నిరుత్సాహపడకుండా ఆ తరువాతి అమ్మకాలలో పాత హద్దుల వివరణ చదవండి. 'ఉత్తరాన రైల్వే' అన్న ఒక్క మాట కూడా ఆధారమే.

5. పటాలు, పత్రికలు, గ్రంథాలయాలు

1913 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర రైల్వేల ఆస్తులన్నిటికీ విలువ కట్టారు. ఆ సందర్భంగా గీసిన పటాలలో కట్ట వెడల్పు, పక్క భూముల యజమానులు, షెడ్లు, సైడింగులు (బండ్లు నిలిపే పక్క పట్టాలు) వంటివి కనిపిస్తాయి. ఇవి మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో ఉన్న జాతీయ పత్రాలయ భవనంలో ఉన్నాయి. ముందుగా వారికి రాసి, మీ మార్గానికి సంబంధించినవి ఏవి ఉన్నాయో తెలుసుకుని వెళ్ళండి. అగ్నిప్రమాద బీమా కోసం గీసిన సాన్‌బార్న్ పటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిలో స్టేషను చుట్టూ ఉన్న కట్టడం ఇటుకదా, చెక్కదా అన్నది రంగుతో చూపుతారు. పాత సర్వే పటాలను జియలాజికల్ సర్వే వారు ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచారు.

స్థానిక చరిత్ర కోసం లీస్‌బర్గ్‌లోని థామస్ బాల్చ్ లైబ్రరీ, ఫెయిర్‌ఫాక్స్ నగరంలోని వర్జీనియా రూమ్, ఆర్లింగ్టన్ సెంట్రల్ లైబ్రరీలోని స్థానిక చరిత్ర కేంద్రం ముఖ్యమైనవి. అక్కడి సిబ్బందిని మొహమాటం లేకుండా అడగండి. మీరు ఏ మైలు మీద పని చేస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, వారు పట్టికలో లేని పెట్టె కూడా తీసి చూపుతారు.

పాత పత్రికలను వెతికేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి: రైలు అన్న మాటతో కాక, మీ ఊరి పాత పేరుతోనూ, వారం వారం వచ్చే టైమ్ టేబుల్ ప్రకటనలతోనూ వెతకండి. యంత్రం చదివిన అక్షరాలలో తప్పులుంటాయి కాబట్టి పేరును రెండు మూడు రకాల వర్ణక్రమంతో ప్రయత్నించాలి. దొరికిన కత్తిరింపుతోపాటు పత్రిక పేరు, తేదీ, పేజీ రాయకపోతే అది ఎవరికీ పనికిరాదు.

6. ఎవరు ఏ పెట్టెలో ఎక్కారో అడగండి

ఈ రైలు గురించి ముచ్చటగా చెప్పుకునే కథలలో తరచు తప్పిపోయే భాగం ఒకటి ఉంది. రైలు పెట్టెలలో నల్లవారిని, తెల్లవారిని వేరుచేయాలని వర్జీనియా 1900లో చట్టం చేసింది. 1906 ఆగస్టులో బార్బరా పోప్ అనే నల్లజాతి రచయిత్రి వాషింగ్టన్‌లో టిక్కెట్టు కొని, ఈ మార్గంలోనే ఉన్న పియోనియన్ స్ప్రింగ్స్‌కు బయలుదేరారు. నల్లవారికి కేటాయించిన చోటికి మారడానికి నిరాకరించినందుకు ఆమెను ఫాల్స్ చర్చ్‌లో అరెస్టు చేసి జరిమానా వేశారు. నల్లవారి హక్కుల కోసం పనిచేసిన నయాగరా ఉద్యమం అండతో ఆమె పైకోర్టు దాకా పోరాడి ఆ తీర్పును రద్దు చేయించారు. తరువాత రైల్వే మీద వేసిన దావాలో జ్యూరీ ఆమెకు ఇప్పించిన పరిహారం ఒక్క సెంటు. నేడు ఆ రెండు ఊళ్ళ మీదుగా మనం స్వేచ్ఛగా నడుస్తున్నాం. మీ మైలు చరిత్రలో వేరు తలుపులు, వేరు గదులు ఉన్నాయో లేదో అడగకుండా దాటవేయడం నా దృష్టిలో సగం చరిత్రను పారవేయడమే.

7. పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేయండి

అన్నిటికంటే తొందరపడవలసినది ఈ పనికే. 1951లో పదేళ్ళ పిల్లలుగా ఆ రైలెక్కినవారు ఇప్పుడు ఎనభై దాటినవారు. దస్తావేజు మరో పదేళ్ళయినా అక్కడే ఉంటుంది, వారు ఉండకపోవచ్చు. కాబట్టి వరుసలో ఇది ఏడవదైనా, అలాంటి పెద్దలు మీకు తెలిస్తే మిగతావన్నీ ఆపి ముందు వారి దగ్గరకు వెళ్ళండి. హెర్న్‌డన్ పాత స్టేషనులో మ్యూజియం నడుపుతున్న చారిత్రక సంఘం, చర్చిల పెద్దలు, సీనియర్ సెంటర్లు మీకు దారి చూపగలరు. నల్లజాతి చర్చిలను ప్రత్యేకంగా సంప్రదించండి.

వెళ్ళేముందు ఉత్తరమో ఫోనో చేసి, ఎందుకు వస్తున్నారో, రికార్డింగును ఏమి చేస్తారో చెప్పండి. ఇక్కడి ఆఫీసు అలవాటు కొద్దీ వారిని మొదటి పేరుతో పిలవకండి. వారే చెప్పేదాకా ఇంటిపేరుకు ముందు మిస్టర్, మిసెస్ చేర్చి మాట్లాడండి. టీవీ, ఫ్రిజ్ శబ్దాలకు దూరంగా కూర్చోండి. రికార్డింగును వేవ్ (WAV) ఫైలుగా ఉంచండి, రెండవ ఫోనులో కూడా రికార్డు చేయండి. మొదట తేదీ, స్థలం, మాట్లాడుతున్నవారి పేరు చెప్పి మొదలుపెట్టండి.

'ఆ రోజులు ఎలా ఉండేవి' అని అడిగితే 'బాగుండేవి' అన్న జవాబు వస్తుంది. టిక్కెట్టు ఎక్కడ కొనేవారు, చలికాలంలో స్టేషనులో పొయ్యి ఏ మూల ఉండేది, రైలు వస్తోందని ముందు దేనివల్ల తెలిసేది, కండక్టరు పేరు గుర్తుందా, ఆఖరి రోజున ఎవరు వచ్చారు అని అడగండి. పాత పటాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించి వారి ముందు పెట్టండి. వేలితో చూపుతూ చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. 'ఇక్కడ' అని వారు చూపినప్పుడు, 'మీరు చర్చి పక్క స్థలాన్ని చూపుతున్నారు' అని మీరు పలకండి; లేకపోతే వినేవారికి ఆ 'ఇక్కడ' ఎక్కడో తెలియదు. మౌనం వస్తే తొందరపడి నింపకండి. చివర, ఈ రికార్డింగును గ్రంథాలయంలో ఉంచడానికి, ఇతరులు వాడుకోవడానికి సమ్మతి తెలిపే పత్రం మీద సంతకం తీసుకోండి. సమ్మతి లేని రికార్డింగును చాలా గ్రంథాలయాలు తీసుకోలేవు.

1970లలో ఈ బాట కోసం సమావేశాలకు వెళ్ళినవారి, అభ్యంతరం చెప్పిన పక్క ఇళ్ళవారి జ్ఞాపకాలు కూడా ఇందులో చేరాలి. రైలు పోయి బాట రావడం కూడా చరిత్రే.

8. ఫొటోలు, ఫైళ్ళు

ఎవరైనా ఆల్బమ్ ఇస్తే ఫొటోలను ఊడదీయకుండా పేజీ మొత్తాన్ని ముందు స్కాన్ చేయండి, ఎందుకంటే పక్కన రాసిన రాత ఫొటో అంత విలువైనది. మామూలు ప్రింటును కనీసం 600 డీపీఐతో టిఫ్ ఫైలుగా స్కాన్ చేసి, వెనుక వైపు కూడా తీయండి. లామినేషన్, సెల్లోటేపు, బాల్ పెన్ను వద్దు. వెనుక రాయవలసి వస్తే మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి. అసలు ఫొటోను అదే రోజు తిరిగి ఇవ్వడం మర్యాద. ఫైలు పేరులో తేదీ, ఊరు, వరుస సంఖ్య ఉండాలి. మూడు నకళ్ళు ఉంచండి. వాటిలో ఒకటి మీ ఇంట్లో కాక మరొక చోట ఉండాలి.

అమెరికాలో ప్రచురణ జరిగి 95 ఏళ్ళు దాటిన ఫొటోలను స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఎన్నడూ ప్రచురించని కుటుంబ ఫొటోకు తీసినవారి జీవితకాలం మీద మరో 70 ఏళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి అనుమతి తప్పనిసరి.

పాత ఫొటో తీసిన చోటనే నిలబడి నేటి ఫొటో కూడా తీయండి. ఆష్‌బర్న్ చుట్టుపక్కల పాడి పొలాల స్థానంలో డేటా సెంటర్లు లేచాయి. ఇవాళ మామూలుగా కనిపించే ఆ గోడలు, వాటి పక్కన మీ పిల్లల సైకిళ్ళు, రేపటివారికి మొదటి చేతి ఆధారాలు.

9. పొసగని కథలను ఏమి చేయాలి?

ఒకే సంఘటనకు రెండు కథలు దొరికినప్పుడు అందమైనదాన్ని ఎంచుకోవద్దు. 1861 జూన్ 17న వియన్నా దగ్గర ఉత్తరాది పక్షపు ఒహాయో సైనికులతో వస్తున్న రైలు మీద కాన్ఫెడరేట్, అంటే దక్షిణాది పక్షపు, ఫిరంగులు పేలాయి. ఇరుపక్షాల కథనాలనూ ఆయా పేర్లతోనే ఉంచితే చదువరి వాటిని తూచుకుంటాడు. మీ మైలు విషయంలోనూ ప్రతి వాక్యం పక్కన అది దస్తావేజు చెప్పిందా, పత్రిక రాసిందా, ఒకరి జ్ఞాపకమా, మీ ఊహా అన్నది గుర్తు పెట్టండి. ఊహ రాయడం తప్పు కాదు, దాన్ని ఊహ అని చెప్పకపోవడమే తప్పు.

10. అప్పగించండి

మీ కంప్యూటరులో ఉన్నంతవరకు ఇది భద్రపడినట్టు కాదు. ఫైళ్ళు, సమ్మతి పత్రాలు, ఫొటోల జాబితా, మీ మైలు గురించిన పది పన్నెండు పేజీల వివరణ కలిపి స్థానిక చరిత్ర గ్రంథాలయానికి ఇవ్వండి. ఏ రూపంలో తీసుకుంటారో ముందే అడిగితే చివర్లో పని పెరగదు. ఒక ప్రతిని నోవా పార్క్స్‌కు, మరొకటి ఆ ఊరి చారిత్రక సంఘానికి పంపండి. తూము మరమ్మతు చేసేటప్పుడో, బాట పక్కన కొత్త పలక పెట్టేటప్పుడో వారికి అది నేరుగా ఉపయోగపడుతుంది. మీతో మాట్లాడిన పెద్దలకు రికార్డింగు ప్రతిని, దాని రాతప్రతిని తప్పక అందజేయండి. చదివి వారు దిద్దిన తప్పులను కూడా గ్రంథాలయానికి ఇచ్చిన ప్రతిలో చేర్చి, దిద్దుబాటు జరిగిన తేదీ వేయండి.